అక్షరం కింది కొక్కెం

కిందటి వారం మా అమ్మాయి కూతురు తన స్కూలు రోబోటిక్స్ టీమ్ జాకెట్ తెచ్చి నా ఒళ్ళో పడేసి, "అమ్మమ్మా, ఈ ప్యాచ్ ఊడిపోతుంది, గ్లూ పెట్టనా?" అని అడిగింది. జిగురు అనేసరికి నాకు మనసొప్పలేదు. కళ్ళజోడు పెట్టుకుని, టీమ్ గుర్తు కుట్టిన ఆ ప్యాచ్‌ని వెనక్కి తిప్పి చూశాను. కత్తిరించకుండా వదిలేసిన దారాలు, అంచు దాటి పీచులు పీచులుగా వేలాడుతున్న అడుగు గుడ్డ, ఎవరూ ఒక్కసారైనా వెనక్కి తిప్పి చూడని పని అది. కుట్టిచ్చాను. పిల్ల థాంక్స్ చెప్పి పరిగెత్తింది. నేను మాత్రం ఆ మధ్యాహ్నమంతా ఫ్రిస్కోలోని ఈ ఇంట్లో కూర్చునే ఉన్నా, మనసు వెనక్కి, పశ్చిమాన ఎర్రమట్టి గుట్టల మధ్య మేము కాపురం పెట్టిన ఆ చిన్న ఊళ్ళోకి వెళ్ళిపోయింది.

మేము ఈ దేశం వచ్చిన కొత్తలో ఇప్పటి వాళ్ళకి దొరికినట్టు మాకు మనవాళ్ళు నిండి ఉండే శాంటా క్లారాలూ అరోరాలూ దొరకలేదు. మావారు సివిల్ ఇంజినీరు. హైవే వంతెనల పని ఎక్కడుంటే అక్కడికే మా సంసారం. ఆ ఊళ్ళో మన మొహం ఇంకొకటి లేదు. ఇంగువ కావాలంటే ఐదు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్ళాలి. ఊరు దాటి కొద్ది మైళ్ళు వెళితే రిజర్వేషన్ మొదలవుతుందని మావారు మొదటిసారి చెప్పినప్పుడు, నేను మన కాలేజీ సీట్ల సంగతి అనుకుని, ఇక్కడ కూడా ఆ గొడవలున్నాయా అని అడిగాను. ఆయన నవ్వి, ఇక్కడ ఆ మాటకి అర్థం వేరనీ, ఈ నేల మొదటి మనుషులకి మిగిలిన సొంత భూమిని అలా అంటారనీ, అక్కడ వాళ్ళ ప్రభుత్వం, వాళ్ళ పోలీసు, వాళ్ళ కోర్టు వేరుగా ఉంటాయనీ చెప్పారు. ఆ కోర్టు గుమ్మం నేను కూడా ఒకనాడు తొక్కుతానని అప్పుడు ఇద్దరమూ అనుకోలేదు.

గ్రీన్ కార్డు వచ్చిన ఏడాది, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, ఊరి మధ్యనున్న ఎంబ్రాయిడరీ షాపులో పని అడగడానికి వెళ్ళాను. పాత టైర్ల గోడౌన్ పక్కన చిన్న షెడ్డు అది. ఒకేసారి ఆరు గుడ్డల మీద కుట్టే ఆరు తలల మిషన్ ఒకటి, అంచులు కుట్టే మిషన్ ఒకటి, గోడ నిండా దారపు కండెలు. బేస్‌బాల్ టోపీల మీద పేర్లూ, బౌలింగ్ టీముల చొక్కాలూ కుట్టే చోటు. ఓనరు భారీ మనిషి, అరవై దాటినవాడు, మాట తక్కువ. ఏం వచ్చని అడిగాడు. కాడ కుట్టు, గొలుసు కుట్టు, ముడి కుట్టు అని ఇంగ్లీషులో చెప్పడం చేతగాక, సూదీ గుడ్డా అడిగి, మా మేనత్త నేర్పినవన్నీ వరసగా ఒక్కొక్క అంగుళం కుట్టి చూపించాను. ఆయన దాన్ని తిప్పి వెనక వైపే ఎక్కువసేపు చూశాడు. ముడి ఎక్కడా కనపడలేదు. సోమవారం నుంచి రమ్మన్నాడు. కానీ ఇచ్చింది మాత్రం మిషన్ దిగిన ప్యాచ్‌ల వెనక దారాలు కత్తిరించే పని. నాకు అదే చాలనిపించింది. సొంతంగా ఒక చోటికి వెళ్ళి, చీర కొంగు బదులు ఏప్రన్ కట్టుకుని, సాయంత్రం అలసిపోయి ఇంటికి రావడంలో ఉన్న గర్వం మన తరం ఆడవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

రెండో ఏడాది వసంతంలో ఒక పెద్దావిడ షాపుకి వచ్చింది. వెండి జడ, మోచేతి దాకా మడిచిన మగ చొక్కా, మెడలో నీలిరాళ్ళ గొలుసు. రిజర్వేషన్‌లో కోర్టు గుమాస్తా ఆవిడ. కొత్త కోర్టు భవనం కట్టారు, అది తెరిచే రోజున కోర్టు ఆఫీసర్లు ప్రమాణం చేస్తారు, వాళ్ళ చొక్కా భుజాల మీదికి సొంత ప్యాచ్‌లు కావాలని వచ్చింది. పన్నెండు మందికి, చొక్కాలకీ కోట్లకీ కలిపి అరవై. కోర్టు హాల్లో నిలబడేవాళ్ళు, సమన్లు తీసుకెళ్ళి ఇచ్చేవాళ్ళు, జైలు బదులు షరతుల మీద ఇంటి దగ్గరే ఉంచిన వాళ్ళని చూసి వచ్చేవాళ్ళు. అంతవరకూ వాళ్ళు బజార్లో దొరికే 'ఆఫీసర్' పట్టీ వేసుకుని వెళ్ళి తలుపు తడితే, బయటి కౌంటీ పోలీసులనుకుని ముసలివాళ్ళు కూడా తలుపు తీసేవారు కాదట, కొందరు పెరటి దారిన వెళ్ళిపోయేవారట. కిటికీలోంచి చూసి, వచ్చింది మనవాళ్ళే అని తెలుసుకునేలా, వాళ్ళ భాషలో ఆ మాట ఉండాలన్నది ఆవిడ పట్టుదల.

ఓనరు అలవాటు ప్రకారం కేటలాగు తెరిచి గద్దా, త్రాసూ చూపించాడు. ఆవిడ త్రాసు బొమ్మ మీద వేలు పెట్టి అన్న మాట నాకిప్పటికీ చెవిలో ఉంది.

"మేము తూచం. వింటాం."

తరవాత సంచిలోంచి ఒక కాగితం తీసింది. తలమీద బల్లపరుపుగా ఉన్న గుట్ట, దాని కింద కొమ్మలతో వేసిన నీడపందిరి, పందిరి కింద ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మనుషులు. భవనాలు లేనప్పుడు వాళ్ళ పెద్దలు తగవులు విన్నది అలాంటి పందిళ్ళ కిందేనట. పైన వంపుగా, చేత్తో రాసిన ఒకే ఒక్క మాట. వాళ్ళ భాషలో కోర్టుకి పేరు, కుదురుగా విని చెప్పే చోటని అర్థం. ఆ మాట నేనిక్కడ రాయను. మన లిపిలో దాని పలుకు సరిగా కుదరదు. ఆ రోజు ఆవిడ, ప్యాచ్ అడుగున వేసే ట్విల్ గుడ్డల ముక్కలన్నీ గుమ్మం బయటికి తీసుకెళ్ళి, ఒక్కొక్కటే ఎదురుగా ఉన్న గుట్టకి ఆనించినట్టు పట్టుకుని చూసి, ఆ మట్టిరంగుకి సరిగ్గా సరిపోయినదాన్ని ఎంచుకుంది. ఆ రంగు ఒక్క తానే ఉంది మా దగ్గర.

ప్రమాణం మంగళవారం. శుక్రవారం మధ్యాహ్నానికి అరవై ప్యాచ్‌లూ మిషన్ దిగాయి. ఓనరు బయటికి వెళ్ళాడు. నేను దారాలు కత్తిరిస్తూ, గోడకి గుచ్చి ఉన్న ఆవిడ కాగితం వంక ఊరికే చూశాను. వాళ్ళు రాసేది ఇంగ్లీషు అక్షరాలతోనే, కాకపోతే కొన్నిటి మీద చిన్న గీతలు. ఆ గీతలు ప్యాచ్ మీద ఉన్నాయి. కానీ కాగితంలో నాలుగో అక్షరం కింద చిన్న కొక్కెం ఒకటి ఉంది. ప్యాచ్ మీద లేదు. ఇంకోటి తీసి చూశాను. లేదు. అరవైలోనూ లేదు. కంప్యూటర్‌లో అక్షరాలు కొట్టింది ఓనరే. ఆ కొక్కేన్ని కలం జారిన తోకనుకుని వదిలేశాడో, ఆ మిషన్ అక్షరాల్లో అది లేకే వదిలేశాడో.

మా నాన్న తెనాలి దగ్గర హైస్కూల్లో తెలుగు పండితులు. అచ్చులో అరసున్నలు అంతా వదిలేశాక కూడా ఆయన మాత్రం వదల్లేదు. ఏడు అంటే అంకె, అరసున్న పెడితే ఏఁడు, అంటే సంవత్సరం. అంత చిన్న గీత లేకపోతే మనిషి వయసే మారిపోతుందని నా కాపీ పుస్తకంలో ఎర్ర సిరాతో దిద్దేవారు. అప్పుడు విసుగొచ్చేది. ఆ శుక్రవారం మాత్రం కత్తెర చేతిలో పట్టుకుని, తెలియని భాషలో తెలియని గుర్తు ముందు నిలబడి, ఇది జారిన తోక కాదు, దీనికో పలుకుంది అని నాకు నిశ్చయంగా అనిపించింది.

నా ఇంగ్లీషు అప్పటికి అంతంత మాత్రం. షాపులో ఫోన్ నేనెప్పుడూ ముట్టుకోలేదు. అయినా కాగితం కింద ఉన్న నంబరుకి చేసి, నాలుగో అక్షరం కింద ఉన్నది కావాలా అక్కర్లేదా అని అడిగాను. ఆవిడ, ప్యాచ్ మీద ఏముందో అక్షరం అక్షరం చదవమంది. చదివాను. ఆవిడకి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆ కొక్కెం ఉంటే ఆ అక్షరాన్ని ముక్కుతో పలకాలట. లేకపోతే ఆ మాటకి మాంసం ఆరబెట్టే చోటని అర్థమట. నేనూ నవ్వాను. కానీ ఆవిడ నవ్వు తొందరగానే ఆగింది.

"దాన్ని అలా వేసుకుని మావాళ్ళు ఏ గుమ్మానికీ వెళ్ళలేరమ్మా," అంది.

ఓనరు తిరిగొచ్చాక జరిగింది చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. తనకి చెప్పకుండా కస్టమర్‌కి ఫోన్ చేయడానికి నేనెవరినన్నాడు, నన్ను పెట్టుకున్నది దారాలు కత్తిరించడానికన్నాడు. అన్నీ నిజమే. మళ్ళీ కుట్టడానికి ఆ రంగు గుడ్డ మిగల్లేదు; తెప్పించాలంటే రెండు వారాలు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అయినా, పక్కకి తీసేసిన ఓటి ప్యాచ్ ఒకటి పట్టుకుని, అదే దారంలో ఒక పోగు తీసి, నాలుగో అక్షరం కింద కాడ కుట్టుతో ఆరు పోట్లు వేసి, ఆయన ముందు పెట్టాను. ఆయన భూతద్దం పెట్టి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. ఏది చేత్తో కుట్టిందో చెప్పమని నన్నే అడిగాడు. చూపించాను. కాసేపటికి లేచి వెళ్ళి, అరవై ప్యాచ్‌లున్న డబ్బా తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. కారు దాకా వచ్చి తలుపు తీసిపట్టుకున్నాడు.

శనివారం పొద్దున్నే వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి మొదలుపెట్టాను. మావారు కాఫీ కప్పుతో వచ్చి నిలబడి చూశారు.

"వీకెండ్ అంతా ఇదేనా? అంత చిన్న తోక ఎవరు చూస్తారు?"

"మా నాన్న చూస్తారండీ," అన్నాను.

మా నాన్న పోయి అప్పటికి నాలుగేళ్ళు. మావారు కప్పు సింకులో పెట్టి, ఎదురుగా కూర్చుని, సూదుల్లోకి దారాలు ఎక్కించడం మొదలుపెట్టారు. వంతెనలు కట్టే మనిషి సూది బెజ్జం దగ్గర తడబడటం చూసి నాకు లోపల నవ్వొచ్చింది గానీ, బయటికి నవ్వలేదు.

పదకొండయ్యేసరికి ఆ పెద్దావిడ వచ్చింది. ఓనరే దారి చెప్పాడట. అప్పటికి నేను తొమ్మిది పూర్తి చేశాను. ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుని, బాగుంది అంటుందేమోనని నేను చూస్తుంటే, తల అడ్డంగా ఊపింది. కొక్కెం ఎడమవైపు తిరిగింది. అది కుడికి తెరుచుకోవాలి. కాగితం గోడ మీదే వదిలేసి వచ్చి, జ్ఞాపకం మీద కుట్టిన ఫలితం. తొమ్మిదీ విప్పాను. విప్పుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ చూసింది, చూడనట్టు సంచి తెరిచి తన సూది తీసింది. పూసల పని చేసే సన్నటి సూది. అడక్కుండానే డబ్బాలో సగం ప్యాచ్‌లు తన వైపు లాక్కుంది.

ఆ రోజూ మర్నాడూ అలా కిటికీ వెలుతురులో ఎదురెదురుగా కూర్చుని కుట్టాం. మావారు చేసిన పులిహోర తిని, మీ మిరపకాయలు పిల్లల మిరపకాయలని ఆవిడ వేళాకోళం చేసింది. మాటల మధ్యలో, కుట్టు ఆపకుండా, తన చిన్నతనం చెప్పింది. ఆరేళ్ళప్పుడు దూరంగా ఒక బడి హాస్టల్లో వేశారట. అక్కడ తన భాష నోట వస్తే చెంప మీద కొట్టేవారట. పక్క మంచంలో పడుకునే పిల్లకి నీళ్ళు కావాలా అని అడిగినందుకు ఒకసారి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడనివ్వలేదట. ఇంటికి తిరిగి వచ్చేసరికి వాళ్ళమ్మ మాట అర్థమవుతుంది గానీ జవాబు చెప్పడానికి నోరు తిరగలేదట. ఆ భాష రాయడం నేర్చుకున్నది నలభై దాటాక, కొందరు కూర్చుని అక్షరాలు ఖాయం చేసినప్పుడు.

"ముక్కుతో పలికే అక్షరానికి ఏ గుర్తు పెట్టాలా అని మూడు నెలలు వాదించుకున్నాం," అంది. "కొక్కెం పెడదామన్నది నేనే."

నేను కుట్టడం ఆపేశాను. ఆవిడ ఆపలేదు. దారం కొస పంటితో కొరికి, తరవాతది అందుకుంది.

మంగళవారం మమ్మల్ని రమ్మని పిలిచారు. మావారు సెలవు పెట్టారు. నేను మా అమ్మ పెట్టిన వెంకటగిరి చీర కట్టుకున్నాను. ఓనరు టై కట్టుకుని రావడం చూసి మొదట పోల్చుకోలేకపోయాను. హాలు కొత్త చెక్క వాసన వేస్తోంది. పన్నెండు మంది ఆఫీసర్లు వరసగా నిలబడ్డారు. వాళ్ళలో నలుగురు ఆడవాళ్ళు. ప్రమాణం అయ్యాక వాళ్ళ పెద్ద జడ్జి, చేతికర్ర ఊతంగా నడిచే ముసలాయన, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, భుజం మీది ప్యాచ్‌ని బొటనవేలితో తడిమి, ఆ మాటని పైకి చదివి వినిపించాడు. పన్నెండు సార్లు చదివాడు. పన్నెండు సార్లూ ఆ నాలుగో అక్షరం ముక్కులోంచి స్పష్టంగా పలికింది. తరవాత జనం వైపు తిరిగి ఏదో అన్నాడు. హాలంతా ఘొల్లున నవ్వింది. గుమాస్తా ఆవిడ నా చెవిలో చెప్పింది: కొంచెంలో మా ఆఫీసర్లు మాంసం ఆరబెట్టేవాళ్ళు అయిపోయేవారు అని చెబుతున్నాడట. నవ్వులు సద్దుమణిగాక ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని లేవదీసింది. ఏం చేయాలో తెలియక అందరికీ నమస్కారం పెట్టాను. వెనక వరసలో ఒక ముసలమ్మ అచ్చం అలాగే రెండు చేతులూ జోడించి నాకు తిరిగి పెట్టింది. నా జీవితంలో బిరుదులూ సన్మానాలూ ఏమీ లేవు. ఉన్నవాళ్ళని చూసి కుళ్ళుకోలేదంటే, ఆ రోజు నాకున్నందుకే.

మరో నెలకి, సమన్లు ఇవ్వడానికి వెళ్ళిన ఆఫీసర్‌కి ఒక ముసలాయన తలుపు తీసి, లోపల కూర్చోబెట్టి, ఆ మాటని తనే చదివి వినిపించాడని ఆవిడ షాపుకి ఫోన్ చేసి చెప్పింది. నన్ను పిలవమని అడిగి మరీ చెప్పింది. ఓనరు రిసీవర్ నాకిచ్చి, దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

ఆ ఎండాకాలం ఆయన నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, బొమ్మని కుట్లుగా మార్చే పని నేర్పాడు. లేని గుర్తులని పోటు పోటుగా నేనే గీసి తయారుచేసుకున్నాను. ఒకళ్ళు ఇంకొకళ్ళకి చెప్పి, దూరదూరపు తెగల కోర్టుల నుంచి ఆర్డర్లు వచ్చేవి. నాది ఒకటే నియమం: మాటని చేత్తో రాసి పంపాలి, ఫోన్‌లో ఎవరైనా పెద్దవాళ్ళు దాన్ని పలికి వినిపించాలి. అర్థం తెలియకపోయినా కళ్ళు మూసుకుని వినేదాన్ని. మావారి వంతెనలు ఎటు మారినా ఇల్లు మాత్రం ఆ ఊళ్ళోనే ఉంచి, అలా పదిహేడేళ్ళు చేశాను. నా చేతి మీదుగా వెళ్ళిన దేన్లోనూ ఒక్క గుర్తు తప్పిపోలేదని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

మూడేళ్ళ కిందట, మావారు రిటైరయ్యాక, ఇద్దరం కార్లో ఆ వైపు వెళ్ళాం. షాపు లేదు; ఓనరు పోయాక అమ్మేశారట. గుమాస్తా ఆవిడ అంతకు ముందు చలికాలంలో పోయిందని కోర్టు దగ్గర చెప్పారు. కాసేపు మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఒక గదిలో మిషన్ చప్పుడు వినపడి వెళ్ళి చూస్తే, నడివయసు ఆడవాళ్ళు ఇద్దరు ప్యాచ్‌లు కుడుతున్నారు. ఇప్పుడు మిషన్ వాళ్ళదే, కోర్టుకీ స్కూలుకీ అన్నీ వాళ్ళే కుట్టుకుంటారట. అందులో ఒకామె నాకు చూపించడానికి ఆ మాటని కీబోర్డు మీద టకటకా కొట్టింది. కొక్కెం దానంతట అదే వచ్చి అక్షరం కింద కూర్చుంది, కుడివైపు తెరుచుకుని. ఫోన్‌లో కూడా వస్తుందనీ, వాళ్ళబ్బాయి మెసేజ్‌లన్నీ ఈ భాషలోనే పెడతాడనీ చెప్పింది. ఒకప్పుడు ఊళ్ళో షాపులో పనిచేశానన్నాను. అవునా అని మర్యాదగా అంది. అంతకు మించి నేనూ చెప్పలేదు.

చెప్పడానికేముంది. ఒక గుర్తు కోసం ముక్కూ మొహం తెలియని ఇద్దరు ఆడవాళ్ళు రెండు రోజులు ఒక బల్ల దగ్గర కూర్చోవలసిన అవసరం ఇక ఎవరికీ రాదు. అలా రాకూడదనే కదా ఆవిడ అంత పాటుపడింది. వాళ్ళ మాట వాళ్ళ మిషన్‌కే వచ్చింది, నాలాంటి వాళ్ళతో పని లేకుండా. అది చూసి నా గుండె నిండింది. అయినా గాజు మూత వెనక సూది నాలుగో అక్షరం దగ్గరికి వచ్చి, ఒక్క లిప్త కూడా ఆగకుండా దాటిపోయినప్పుడు, నా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే దగ్గరికి వచ్చాయి. మావారు చూసి, ఆ చేతిని తన చేతిలోకి తీసుకున్నారు.